ఎర్ర గుర్తు పెట్టిన ప్లేటు

నాకు ముక్కు మీదే కోపమని మా ఆసుపత్రి ల్యాబులో అందరికీ తెలుసు. ఆ కోపమంతా ప్లేట్ల గురించే. ప్లేటంటే మా దగ్గర అరచేతిలో ఇమిడే గుండ్రటి ప్లాస్టిక్ గిన్నె, పైన ఒక మూత. బ్యాక్టీరియాకి ఇష్టమైన ఆహారం అందులో వేడిగా పోస్తే చల్లారి గడ్డకడుతుంది. దాని మీద రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాను దూదిపుల్లతో పూసి, మందు అద్దిన కాగితపు బిళ్ళలు వరసగా పెట్టి, వెచ్చటి పెట్టెలో ఉంచుతాం. మర్నాటికి ప్లేటంతా పలచటి పొర పరుచుకుంటుంది. ఏ మందు పనిచేస్తుందో ఆ బిళ్ళ చుట్టూ మాత్రం ఏమీ పెరగక ఖాళీ వలయం మిగులుతుంది. ఆ వలయాన్ని స్కేలుతో కొలిచి డాక్టర్లకు రాసి పంపడం నా ఉద్యోగం.

ఇరవై ఆరేళ్ళుగా అదే పని. నేను పూసిన పొర ఎంత నున్నగా వస్తుందంటే, కొత్తగా చేరిన అమ్మాయిలు నాకు అద్దం మేడం అని పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టారనుకోండి, అయినా నాకు లోపల్లోపల మురిపెంగానే ఉండేది. ఎప్పుడైనా ఒకసారి పొరలో చిల్లులు పడేవి, పురుగు కొట్టిన బట్టలాగా. బుడగ వచ్చిందనో, దుమ్ము పడిందనో, చెయ్యి తడబడిందనో అనుకునేదాన్ని. అలాంటి ప్లేటు ఎవరి కంటా పడకూడదు. అడుగున ఎర్ర మార్కరుతో ఇంటూ గీసి, పారేసే బకెట్లో పడేసి, గప్‌చుప్‌గా మళ్ళీ కొత్తది పూసేదాన్ని. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరికీ అదే నేర్పాను. "చిల్లు పడ్డ ప్లేటు రిపోర్టు కాదు, మనకి తలవంపులు" అనేదాన్ని.

అంతలో మా బావ కాలి మీదకి వచ్చింది. బావంటే మా అక్క మొగుడు, సిటీ బస్సు డ్రైవరు. డిపో మెట్లు దిగుతూ జారిపడి కుడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. లోపల స్టీలు కడ్డీ వేశారు. ఎముక అతుక్కుంది గానీ కడ్డీ చుట్టూ చీము పట్టింది. మందు మీద మందు మార్చారు, చీము మాత్రం తగ్గలేదు. చివరికి ఆ చీము మా ల్యాబుకే వచ్చింది. బ్యాక్టీరియాను ఏరి నేనే పూశాను.

మర్నాడు చూస్తే పొర లేత ఆకుపచ్చ రంగులో నిండుగా పెరిగింది. మాగిన ద్రాక్షల్లాంటి తియ్యటి వాసన వస్తోంది. తెలియనివాళ్ళు బాగుందనుకుంటారు, మాకైతే ఆ వాసనకి ఒళ్ళు జలదరిస్తుంది. పద్నాలుగు బిళ్ళలు పెట్టాను. పద్నాలుగింటిలో ఒక్కదాని చుట్టూ కూడా వలయం లేదు. బిళ్ళల అంచులకు ఆనుకుని మరీ పెరిగింది. స్కేలు పట్టుకుని ఊరికే కూర్చున్నాను, కొలవడానికి ఏముంది గనక.

సర్జన్ మాట నానబెట్టే మనిషి కాదు. అక్కనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పేశాడు. "పది రోజులు చూద్దాం. ఇది రక్తంలోకి ఎక్కితే మనిషే దక్కడు. పదకొండో రోజు మోకాలి పైనుంచి కాలు తీసేయాలి."

ఆ మాట బావకు చెప్పే పని నా మీద పడింది. విని దుప్పటి తొలగించి కాళ్ళ కేసి చూసుకున్నాడు.

"మరదలు పిల్లా, రెండు కాళ్ళున్నాయి కదా. క్లచ్ కాలు పోయినా ఏదో సర్దుకునేవాణ్ణి. పోయిపోయి బ్రేకు కాలేనా?"

"నీ నోటికైతే ఎప్పుడూ బ్రేకు లేదు కదా బావా, కాలికెందుకులే" అన్నాను. ఇద్దరం నవ్వాం. అక్క నవ్వలేదు. మంచం చివర కూర్చుని ఆ కాలి బొటనవేలు పట్టుకునే ఉంది, వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. నేను బాత్రూములోకి వెళ్ళి, కొళాయి తిప్పి, వెక్కివెక్కి ఏడ్చాను.

మా ఆసుపత్రి మూడో అంతస్తులో ఒక చిన్న పరిశోధన గది ఉంది. అందులో ముప్పై ఏళ్ళైనా నిండని డాక్టరమ్మ ఒకతె ఉంటుంది. ఊళ్ళోని మురుగు కాలవల్లో సీసాలు ముంచి నీళ్ళు తెచ్చి వాటితో ఏవో ప్రయోగాలు చేస్తుందని ఆమెకు మురుగు డాక్టరు అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనే. శుభ్రంగా ఉండాల్సిన చోటికి మురుగు మోసుకొచ్చే మనిషంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమె వచ్చిన రెండేళ్ళలో ఆ గది గడప తొక్కలేదు. ఇప్పుడు పరువు పక్కన పెట్టి మెట్లెక్కాను.

ఆమె నన్ను చూసి కంగారుగా లేచి నిలబడింది. విషయం చెప్పాను. కుర్చీ లాగి కూర్చోబెట్టి కంప్యూటరులో ఒక ఫొటో తెరిచింది. పలకలు తీరిన తల, కింద సన్నటి తోక, తోక చివర ముడుచుకున్న కాళ్ళు.

"ఫేజ్ అంటారు మేడం. బ్యాక్టీరియాని పట్టే వైరస్. మనుషుల జోలికి రాదు. బ్యాక్టీరియాలో కూడా అన్నిటినీ పట్టదు. దేన్ని పట్టేది దాన్నే పడుతుంది. మీద వాలి, లోపలికి తన సరుకు దించి, అరగంటలో వంద పిల్లల్ని చేసి, దాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఆ వందా మళ్ళీ ఇంకో వంద మీద."

చదువుకునే రోజుల్లో దీని గురించి పుస్తకంలో ఒక పేజీ ఉండేది. పరీక్షలో రాదని సీనియర్లు చెబితే వదిలేశాం.

"ఎక్కడుంటాయివి?" అన్నాను.

"ఎక్కడుండవో అడగండి. నేల మీద, సముద్రంలో, మీ చేతి మీద, నా నోట్లో. ఒక్క చెంచా మురుగునీళ్ళలో కోట్లుంటాయి. ఈ భూమ్మీద మిగతా ప్రాణులన్నీ కలిపినా వీటి లెక్కకి రావు. బ్యాక్టీరియా ఎక్కడుంటే దాన్ని తినేది కూడా అక్కడే ఉంటుంది. దొరకాలి, అంతే."

నా అరచేతిని నేనే తిప్పి చూసుకున్నాను. సబ్బుతో రోజుకి నలభైసార్లు కడిగే చెయ్యి అది. ఇన్నేళ్ళుగా నా వేళ్ళ మధ్య ఇంత యుద్ధం జరుగుతోందా అని నోరు వెళ్ళబెట్టాను.

బావ బ్యాక్టీరియాని ఆమెకిచ్చే పని నేనే పెట్టుకున్నాను. చీములోంచి దాన్నొక్కదాన్నే ఏరి, ప్లేటు మీద గీసి, మళ్ళీ ఏరి, మూడుసార్లు అలా చేసి, వేరే చెత్త ఏదీ లేకుండా గొట్టంలో పోసి ఇచ్చాను. నా చేతిలోంచి వచ్చేదేదైనా కడిగిన ముత్యంలా ఉండాలి. రోజూ పొద్దున గొట్టం గుమ్మం పక్క అరలో పెట్టి, "దొరికిందా?" అని గుమ్మంలోంచే అడిగి, నా పనికి పరుగెత్తేదాన్ని. రోజూ ఒకటే జవాబు. ఆమె ఫ్రిజ్‌లో ఉన్న అరవై మూడు ఫేజులూ పట్టలేదు. పదకొండు కాలవల నీళ్ళు తెచ్చింది, వాటిలోనూ పట్టేది లేదు. ఆరో రోజుకి ఆమె కళ్ళ కింద నల్లటి చారలు వచ్చాయి. మురుగు డాక్టరు అని పేరు పెట్టినందుకు నాకు సిగ్గేసింది.

అదే రోజు సర్జన్ ఇంకోసారి పరీక్ష అడిగాడు, కొత్త బ్యాక్టీరియా ఏదైనా వచ్చి చేరిందేమోనని. టైం లేదు. ఏరడం, గీయడం లాంటి మర్యాదలన్నీ మానేసి చీమునే నేరుగా ప్లేటు మీద పూశాను.

ఏడో రోజు పొద్దున తీసి చూస్తే పొరలో ఓ పక్కగా ఐదు చిల్లులు. బావ ప్లేటు కదా, చెయ్యి వణికి ఉంటుంది, ఇన్నేళ్ళ పేరు ఇవాళ పోయిందనుకున్నాను. పక్క బల్ల దగ్గర అమ్మాయిలు చూడకముందే ఇంటూ గీసి బకెట్లో పడేశాను. మళ్ళీ పూశాను.

మధ్యాహ్నం మూడు కావస్తుండగా, పొద్దున ఇవ్వడం మరిచిన గొట్టం ఇవ్వడానికి పైకి వెళ్ళాను. ఆమె దీపపు పెట్టె మీద ప్లేటు పెట్టుకుని ఏదో లెక్కపెడుతోంది. నన్ను చూసి, "మేడం, ఇది వేరే పేషెంటుది. ఆయన బ్యాక్టీరియాకి ఫేజ్ దొరికింది, చూడండి ఎంత బాగుందో" అంది. ఆరు రోజుల్లో మొదటిసారి ఆమె బల్ల దాకా వెళ్ళి వంగి చూశాను.

నిండుగా పెరిగిన పొర. అందులో గుండ్రంగా చిల్లులు. కింద వెలుగుతున్న దీపం ఆ చిల్లుల్లోంచి నేరుగా నా కళ్ళల్లోకి కొట్టింది.

"ఈ చిల్లులు..." అన్నాను.

"అవే కదా మేడం నేను వెతికేది. ఒక్కో చిల్లు ఒక్క ఫేజ్‌తో మొదలవుతుంది. చుట్టూ ఉన్నవాటిని తింటూ పోతుంది. అక్కడ కోట్ల బ్యాక్టీరియా చస్తే మన కంటికి ఇంత చుక్క కనబడుతుంది."

"బుడగ పడితే?"

"బుడగైతే కింద ఆహారంలో గుంట ఉంటుంది. దీనికి కింద నున్నగానే ఉంటుంది, పైన పొర ఒక్కటే ఉండదు."

పొద్దున నా ప్లేటు కింద నున్నగానే ఉంది. చూశాను. చూసి కూడా గీత గీశాను. ఆమెకు ఏం చెప్పానో గుర్తులేదు, మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తడం మాత్రం గుర్తుంది. మూడింటికి బకెట్లన్నీ ఆటోక్లేవ్‌లోకి వెళ్తాయి. అది మనిషంత ఎత్తు ఇనుప పెట్టె. పారేసేవాటిని అందులో పెట్టి ఆవిరితో ఉడికిస్తే బ్యాక్టీరియా అయినా ఫేజ్ అయినా ఏదీ మిగలదు.

ఆటోక్లేవ్ చూసే పెద్దాయన్ని అందరం ఆవిరి బాబాయ్ అంటాం. నేను వెళ్ళేసరికి తలుపు బిగించి, చేతులు తుడుచుకుంటున్నాడు.

"బాబాయ్, తలుపు తియ్!"

"మతి పోయిందా తల్లీ? బిగించాక తీయకూడదు."

"ఎవరన్నారు?"

ఆయన గోడ కేసి చూపించాడు. 'ఒకసారి మూసిన తలుపు, పని పూర్తయ్యేదాకా ఎట్టి పరిస్థితిలోనూ తెరవరాదు.' కింద సంతకం నాదే. పోయినేడాది కోపంలో నేనే రాసి అంటించిన కాగితం అది. దాన్ని అక్కడే చింపేశాను.

"మా బావ కాలు ఉంది బాబాయ్ లోపల!"

పాపం ఆయన హడలిపోయాడు. నిజం కాలే అనుకుని ఉంటాడు. స్విచ్ ఆపి, చక్రం తిప్పాడు. వేడి చూపే సూది ఇంకా అడుగునే ఉంది, వేడి ఎక్కలేదు. బకెట్లు బయటికి లాగించి, చేతులకు రెండు జతల తొడుగులు వేసుకుని నేల మీదే చతికిలబడ్డాను. ఆ రోజు పారేసినవి తొంభై దాకా ప్లేట్లు. నెంబర్లు రాసిన మూతలు ఊడి కలిసిపోయాయి, అడుగులన్నీ ఒకలాగే ఉన్నాయి. నా ప్లేటు దొరికిందంటే కారణం ఆ ఎర్ర ఇంటూ ఒక్కటే, ఎవరికీ కనబడకూడదని గీసిన గీత. దానితో పాటు ఇంకో మూడు ఇంటూలు కనిపించాయి. మా అమ్మాయిలవి. నేను నేర్పిన గీతలే కదా అని వాటినీ ఒళ్ళో పెట్టుకున్నాను.

పైకి వెళ్ళి డాక్టరమ్మ ముందు నాలుగూ పెట్టాను. ఆమె నాది దీపం మీద పెట్టి ఒక్కో చిల్లునీ భూతద్దంతో చూసింది.

"ఇది చీము నేరుగా పూశారా?"

"అవును. తొందరలో."

"అదీ సంగతి. నాకిచ్చిన గొట్టాల్లో బ్యాక్టీరియా ఒక్కటే ఉంది. మీరు అంత శుభ్రంగా ఏరి ఇచ్చారు కాబట్టి దీన్ని కూడా వదిలేసి వచ్చారు. మేడం, నేను ఊరంతా తిరిగి వెతికింది మీ బావగారి పుండులోనే ఉంది. అక్కడే కూర్చుని తింటోంది. పాపం చాలినన్ని లేవు, అంతే."

తప్పు పట్టే గొంతు కాదది. అయినా తల కొట్టేసినట్టయింది. నా శుభ్రమే అడ్డం పడింది.

ఆమె ఒక చిల్లులోంచి సూది మొనతో ఇసుమంత తీసి ద్రవంలో కలిపింది. ఎనిమిదో రోజు పొద్దున నన్ను పిలిచి, బావ బ్యాక్టీరియాతో పాలనీళ్ళలా మబ్బుగా ఉన్న గొట్టంలో ఆ ద్రవం ఒక్క చుక్క వేసింది. "కూర్చోండి. ఇది చూడాలి మీరు" అంది.

మొదటి గంట ఏమీ జరగలేదు. ఆమె తన పని చేసుకుంటోంది, నేను గొట్టాన్నే చూస్తున్నాను. తరవాత ఎక్కడ మొదలైందో తెలియదు గానీ మబ్బు పలచబడింది. గొట్టం వెనక గోడ మీద క్యాలెండరు ఉంది. ముందు దాని గళ్ళు లీలగా కనిపించాయి. తరవాత అంకెలు. రెండో గంట గడిచేసరికి ఆ గొట్టంలోంచి ఇవాళ తారీఖు చదివాను. పద్నాలుగు మందులు గీరు కూడా పెట్టలేని దాన్ని, కంటికి ఆనని ఒక ప్రాణి, అసలు ప్రాణో కాదో కూడా ఎవరూ తేల్చలేని ఒకటి, నేను చూస్తుండగా కరిగించేసింది. చప్పుడు లేదు, పొగ లేదు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఇంకో మనిషి గదిలోకి వస్తే లేస్తామే, అలా.

ఆ తరవాత పని చకచకా సాగింది. బ్యాక్టీరియాలో దాక్కునే రకం ఫేజ్ కాదు, పగలగొట్టే రకమేనని డాక్టరమ్మ తేల్చింది. దాన్ని పెంచి, వడకట్టి, ఒంట్లోకి ఎక్కించడానికి తగ్గట్టు శుద్ధి చేసింది. ఆసుపత్రి అనుమతి సంఘం ముందు కూర్చుని అరగంటలో ఒప్పించింది. సర్జన్ పెదవి విరిచి, "నాలుగు రోజులు ఆగుతాను. జ్వరం నూట మూడు దాటితే మాత్రం ఆగను" అన్నాడు. బావకు కాలి గాయంలోనూ, నరంలోనూ ఎక్కించారు. దానితో పాటు పనిచేయని మందుల్లో ఒకటి కూడా ఇవ్వమంది ఆమె. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

"నా పుండులోదే తీసి నాకే పొడుస్తున్నారా?" అన్నాడు బావ. "బాగుంది, సొంత బండికి సొంత స్పేరు పార్టు."

మొదటి రెండు రోజులూ జ్వరం దిగింది. మూడో రోజు మళ్ళీ నూట రెండుకి ఎగబాకింది. గాయంలోంచి తీసింది పూస్తే కొద్దిగా పెరిగింది. చిల్లుల్లేవు. ఫేజ్‌ను తప్పించుకునేలా బ్యాక్టీరియా ఒళ్ళు మార్చుకుందన్నమాట. అక్క నా ముఖం చూసే కనిపెట్టేసింది. "అయిపోయిందా?" అంది. నేను ఆ ప్లేటు పట్టుకుని మూడో అంతస్తుకి పరుగెత్తాను.

డాక్టరమ్మ మాత్రం, "బిళ్ళలు పెట్టి చూడండి మేడం. నాకు మీ అద్దమే కావాలి ఇప్పుడు" అంది.

మిగిలిన ఆ కాస్త బ్యాక్టీరియాని పూశాను. ఇరవై ఆరేళ్ళలో అంత జాగ్రత్తగా ఏ ప్లేటూ పూయలేదు. పద్నాలుగు బిళ్ళలు పెట్టాను. నాలుగో రోజు పొద్దున, సర్జన్ థియేటరు సిద్ధం చేయించి వార్డులో ఎదురు చూస్తుండగా, మూత తీశాను.

పొర నున్నగా ఉంది. పదమూడు బిళ్ళలు ఎప్పట్లాగే ఉన్నాయి. పద్నాలుగో దాని చుట్టూ వలయం. ఇన్నాళ్ళూ పనిచేయని మందు, బావకు ఫేజ్‌తో పాటు ఎక్కిస్తున్న మందు, దాని చుట్టూ నల్లటి బల్ల కనబడేంత ఖాళీ. స్కేలు పెట్టాను. ఇరవై రెండు మిల్లీమీటర్లు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాను.

"ఆ ఫేజ్ బ్యాక్టీరియాని ఎక్కడ పట్టుకుంటుందో, అదే బ్యాక్టీరియా మందుని బయటికి తోసేసే ద్వారం" అంది డాక్టరమ్మ నా భుజం మీదుగా చూస్తూ. "ఫేజ్‌కి భయపడి ఆ ద్వారం వదులుకుంది. ఇక మందుని తోసేయలేదు. ఉంచుకుంటే ఫేజ్ తింటుంది, వదులుకుంటే మందు చంపుతుంది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరు నేర్పారు ఈ ఫేజ్‌కి ఇంత? ప్లేటు పట్టుకుని వార్డుకి పరుగెత్తి సర్జన్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూసి, థియేటరుకి ఫోన్ చేసి వద్దని చెప్పాడు. అక్క బొటనవేలు వదిలింది అప్పుడే.

ఐదు వారాల తరవాత బావ కుడి పాదం నేల మీద ఆనించాడు. చంక కర్ర ఒకటి, నా భుజం ఒకటి. మంచం నుంచి కిటికీ దాకా నడిచి, అక్కడ నిలబడి కింద రోడ్డు మీద పోతున్న బస్సుని చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు చెప్పాను, ప్లేటు పారేసిన సంగతంతా, ఒక్క ముక్క దాచకుండా. అప్పటిదాకా చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఏదో ఒక వేళాకోళం ఆడతాడనుకున్నాను. ఆడలేదు.

"మిగతా మూడు ఇంటూల సంగతేంటి?"

"రెండు ఉత్త బుడగలు. ఒకటి మాత్రం నిజం."

"మరి ఇరవై ఆరేళ్ళలో?"

"లెక్క లేదు బావా."

బావ పాదం వైపు చూసుకుని వేళ్ళు ఒకసారి కదిపాడు. నా భుజం మీద చెయ్యి మాత్రం తీయలేదు.

మర్నాడు పొద్దున ల్యాబులోకి అడుగుపెట్టేసరికి అందరికంటే చిన్నమ్మాయి నాకు వీపు పెట్టి, ఏదో దాస్తూ నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. చిల్లులు పడ్డ ప్లేటు, తెరిచిన ఎర్ర మార్కరు. నన్ను చూసి హడలిపోయి, "సారీ మేడం, మళ్ళీ పూస్తాను" అంది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఇరవై ఆరేళ్ళు మోశాను.

మార్కరు తీసుకుని మూత పెట్టేశాను.

"వెలుగులో వాల్చి కింద చూడు. గుంట ఉందా?"

ప్లేటుని కిటికీ వైపు వాల్చి చూసింది. "లేదు మేడం. నున్నగా ఉంది."

"ఎవరిది?"

మూత మీద రాసిన వార్డూ, మంచం నెంబరూ చదివింది. ప్లేటు ఆ అమ్మాయి చేతిలోనే ఉంచి, ఇద్దరం మూడో అంతస్తుకి మెట్లెక్కాం.